మెడలో కొట్టుకునే గడ్డ

బొబ్బిలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం యిది. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు.

"మా అత్తగారికి 64 ఏళ్ళు. రెండేళ్ళుగా ఎడమ దవడ కింద గడ్డ వుంది. మొదట ఉసిరికాయంత వుండేది, యిప్పుడు నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు. చెయ్యి వేస్తే లోపల కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. గత నెలలో రెండుసార్లు అన్నం తింటూ వుండగా కుడిచేతిలోంచి ముద్ద జారిపోయింది. మాట తడబడింది. పది నిమిషాల్లో మళ్ళీ మామూలు మనిషయింది. విశాఖపట్నంలో స్కానింగు తీయించాం. మెదడుకు వెళ్ళే రక్తనాళం ఉబ్బింది, ఆపరేషన్ చెయ్యాలి అన్నారు. మెడ కోస్తే మనిషి దక్కదని మా ఇంట్లో పెద్దలు భయపడుతున్నారు. ఆవిడకు చుట్ట కాల్చే అలవాటు కూడా వుంది, అడ్డపొగ. ఏం చెయ్యమంటారు?"

అమ్మా! పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని మీకు విడిగా ఉత్తరం వేశాను. ఆపరేషన్ చేయించండి, వాయిదా వెయ్యకండి అని అందులో రాశాను. ఎందుకు అలా రాశానో యిక్కడ వివరంగా చెబుతాను. మీ ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి.

మెడకు రెండు వైపులా, గొంతుముడికి పక్కగా వేలు ఆనిస్తే నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. అదే కెరోటిడ్ ధమని. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. గొంతుముడి పై అంచు దగ్గరకు వచ్చేసరికి ప్రతి ధమనీ రెండు కొమ్మలుగా చీలుతుంది. ఒక కొమ్మ ముఖానికీ, నాలుకకూ, తలపై చర్మానికీ రక్తం యిస్తుంది. రెండోది మెడలో ఎక్కడా కొమ్మలు వెయ్యకుండా నేరుగా పుర్రెలోకి పోయి కంటికీ మెదడుకూ రక్తం అందిస్తుంది. మన శరీరం బరువులో మెదడు బరువు నూటికి రెండు వంతులే. కాని గుండె పంపే రక్తంలో యించుమించు ఏడోవంతు అదే వాడుకుంటుంది. అందులో ఎక్కువ భాగం ఈ రెండు ధమనుల ద్వారానే వెళుతుంది. ఈ ధమనిని గట్టిగా నొక్కితే మనిషి సొమ్మసిల్లుతాడని ప్రాచీన గ్రీకులు గమనించారు. మత్తు అనే అర్థం వచ్చే మాట నుంచే దానికి ఆ పేరు పెట్టారు.

సైకిలు టైరు ఒకచోట చిరిగితే లోపలి ట్యూబు అక్కడ బుడగలా పొడుచుకు వస్తుంది. చూసే వుంటారు. ధమని గోడ బలహీనపడినచోట సరిగ్గా అలాగే ఉబ్బుతుంది. దీన్ని వైద్యులు ఎన్యూరిజమ్ అంటారు. మామూలు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు మించితే ఆ పేరు పెడతారు. పొట్టలోని పెద్ద ధమనిలోనూ, మోకాలి వెనకా యిది ఎక్కువగా కనిపిస్తుంది. మెడలో రావడం చాలా అరుదు. నా ఉద్యోగ జీవితంలో చూసినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

అరుదైనది కనుకనే ప్రమాదం. గడ్డ అనగానే డాక్టరుకు ముందు తట్టేది వేరే. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మెడలో గడ్డతో వచ్చేవారిలో ఎక్కువమందికి వుండేది క్షయవల్ల బిళ్ళలు కట్టడం, అంటే గండమాల. లేదా గలగండం. లేదా నోటి పుండువల్ల వాచిన బిళ్ళలు. వందమందిలో తొంభైతొమ్మిదిమందికి యివే అయినప్పుడు నూరో మనిషిని కూడా ఆ గాటనే కట్టేస్తాం. నేనూ ఆ పని చెయ్యబోయాను.

1996లో సంగతి. ఉద్యోగంలో చేరి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో పని. నలభై అయిదేళ్ళ రైతు ఒకాయన దవడ కింద గడ్డతో వచ్చాడు. పైన చర్మం కాస్త ఎర్రగా వుంది. చీముగడ్డ అనుకున్నాను. సూదితో లాగి చూద్దామని సిరంజి చేత పట్టుకున్నాను. పక్కన గిన్నె పట్టుకుని నిలబడిన ఆయా, నా తల్లి వయసు మనిషి, "సూది గుచ్చకండి బాబూ, ఒకపాలి సెయ్యెట్టి సూడండి. లోపల కొట్టుకుంతంది" అంది. చెయ్యి వేసి చూశాను. గడ్డకు రెండు పక్కలా రెండు వేళ్ళు ఆనిస్తే, నాడి కొట్టిన ప్రతిసారీ వేళ్ళు ఎడంగా జరుగుతున్నాయి. సిరంజి పళ్ళెంలో పెట్టేశాను. అప్పుడు అడిగాను, అంతకు ముందు అడగవలసిన మాట: "ఇక్కడ ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?" మూడు నెలల కిందట ఎద్దు కొమ్ము గుచ్చుకుందనీ, ఎవరో నాలుగు కుట్లు వేస్తే మానిపోయిందనీ చెప్పాడు. కొమ్ము మొన ధమని గోడకు చిల్లు పెట్టింది. కారిన రక్తం చుట్టూ వున్న కండలో తిత్తి కట్టుకుని, ధమనితో కలిసి కొట్టుకుంటోంది. అందులో నేను సూది గుచ్చి, ఆ పైన కత్తి పెట్టి వుంటే, రక్తం ఆపడానికి ఆ చిన్న ఆస్పత్రిలో నా రెండు చేతులు తప్ప యింకేమీ లేవు.

ఆ వేళ్ళ పరీక్ష గురించి ఒక్క మాట. ధమని మీద కూర్చున్న మామూలు బిళ్ళ కూడా నాడితో పాటు కదులుతుంది. కాని అది పైకీ కిందికీ ఎగురుతుంది, అంతే. ధమని ఉబ్బు అలా కాదు, అన్ని వైపులకూ విచ్చుకుంటుంది. వేళ్ళను పక్కలకు నెడుతుంది. ఇది డాక్టరు చెయ్యవలసిన పరీక్ష. ఇంట్లో అందరూ తలా ఒకసారి నొక్కి చూడవద్దు. లోపల గడ్డకట్టిన రక్తం వుంటే కదిలి మెదడుకు పోవచ్చు. రెండు వైపులా ఒకేసారి నొక్కడం మరీ ప్రమాదం.

కొట్టుకునే ప్రతిదీ ఎన్యూరిజమ్ కాదన్నది కూడా తెలుసుకోవాలి. రక్తపోటు వున్న పెద్ద వయసు ఆడవాళ్ళలో, ముఖ్యంగా కుడివైపు కంటె ఎముకకు పైన, ధమని వంకర తిరిగి పైకి తన్నుకు వస్తుంది. చూడడానికి భయంగా వుంటుంది గాని, చాలామందికి రక్తపోటు మందులు తప్ప మరేమీ అక్కరలేదు. ధమని చీలే చోట పుట్టే మరో రకం కంతి కూడా వుంది. వీటిని విడదీసి చెప్పేది డాప్లర్ స్కానింగు, ఆ తరువాత రక్తనాళాలకు మందు ఎక్కించి తీసే సి.టి. పరీక్ష. మీ అత్తగారికి ఈ రెండూ అయ్యాయని రిపోర్టుల నకళ్ళు చూశాక నాకు తెలిసింది.

ఇక ఎందుకు వస్తుందంటారా? వయసుతో పాటు ధమని గోడలో కొవ్వు, సున్నం పేరుకుని గోడ చెడిపోవడం ఒక కారణం. పొగతాగడం, రక్తపోటు దీన్ని తొందరపెడతాయి. దెబ్బలు, కత్తిపోట్లు, వాహన ప్రమాదాలు రెండోది. సూక్ష్మజీవులు ధమని గోడకు చేరి కుళ్ళబెట్టడం మూడోది. పాతరోజుల్లో సవాయి రోగం కూడా యిందుకు కారణమయ్యేది. కొందరికి పుట్టుకతోనే ధమని గోడ నాణ్యత తక్కువ. సెలూన్‌లో క్రాపు అయ్యాక మెడ అటూ యిటూ విరిపించుకునే అలవాటు మనవాళ్ళలో చాలామందికి వుంది. ఒక్కొక్కసారి ఆ విరుపుకు ధమని లోపలిపొర చిట్లి, కొద్ది రోజుల్లో పక్షవాతం రావచ్చు, తరువాత అక్కడే ఉబ్బు కూడా రావచ్చు. టక్కుమని చప్పుడు వస్తే హాయిగా వుంటుందని అంటారు. ఆ హాయి మానుకోండి.

అడ్డపొగ మాట ఎత్తారు. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చడం మన కోస్తా ఊళ్ళలో ఆడవాళ్ళకు ఏనాటి నుంచో వున్న అలవాటు. దీనివల్ల అంగిట్లో పుట్టే కేన్సరు గురించి 1957లోనే రెడ్డి, రావు అనే మన వైద్యులు రాశారు. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్ అనే శాస్త్రవేత్త బొంబాయి పరిశోధకులతో కలిసి మన శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించాడు. లోకమంతటా దంతవైద్య విద్యార్థులు మన జిల్లా పేరు చదివేది ఈ చుట్ట మూలంగానే. గొప్పేమీ కాదు. మీ అత్తగారి విషయంలో దీనికి రెండు సంబంధాలున్నాయి. చుట్ట ఎటు తిప్పి కాల్చినా పొగాకు రక్తనాళాలకు చేసే చెరుపు చేస్తూనే వుంటుంది. రెండోది, అడ్డపొగ తాగేవారి మెడలో గడ్డ కనిపిస్తే అంగిలి తప్పకుండా చూడాలి. చూశారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఆపరేషన్‌కు ముందు ముక్కు, చెవి, గొంతు డాక్టరు చేత చూపించమని విడి ఉత్తరంలో రాశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ బుడగ పగిలి మనిషి పోతాడేమోనని అందరి భయం. పగలడం లేకపోలేదు. చీముపట్టినవీ, దెబ్బవల్ల వచ్చినవీ పగలవచ్చు. కాని వయసువల్ల వచ్చినవాటిలో అంతకన్నా తరచుగా జరిగేది వేరు. నాగావళి మలుపుల్లో ఒరవడి తగ్గినచోట నీళ్ళు సుళ్ళు తిరిగి, పుల్లలూ చెత్తా పేరుకుంటాయి కదా. ధమని ఉబ్బినచోట కూడా రక్తం అలాగే సుడి తిరిగి, గోడకు గడ్డలు కడుతుంది. వాటిలోంచి చిన్న ముక్క ఊడి మెదడుకు కొట్టుకుపోతే ఆ భాగానికి రక్తం ఆగిపోతుంది. మీ అత్తగారి ఉబ్బు ఎడమవైపు. ఎడమ మెదడు కుడి చేతినీ, ఎక్కువమందిలో మాటనూ నడుపుతుంది. కుడిచేతిలో ముద్ద జారడం, మాట తడబడడం రెండూ అందుకే. ఆ ముక్కలు చిన్నవి కనుక కరిగిపోయాయి, ఆవిడ తేరుకున్నారు. ఒక్కొక్కరికి అదేవైపు కంటికి తెర దించినట్టు చూపు పోయి మళ్ళీ వస్తుంది. వచ్చి పోయింది కనుక ఫరవాలేదని ఊరుకుంటారు. ఇంటికి నిప్పంటుకునే ముందు వచ్చే పొగ అది. అలాంటి తాత్కాలిక పక్షవాతం తరువాత మొదటి కొద్ది రోజులు, వారాలు మరీ ప్రమాదం. మీ పెద్దలు ఆపరేషన్‌లో ప్రమాదాన్ని చూస్తున్నారు. ఆపరేషన్ చెయ్యకపోతే వచ్చే ప్రమాదం రెండుసార్లు ఇంటి గుమ్మం తొక్కి వెళ్ళింది.

మెడ కోస్తే మనిషి దక్కడన్న మాట ఊరికే పుట్టలేదు. సుశ్రుతుడు మెడలోని పెద్ద రక్తనాళాలను మర్మస్థానాలుగా లెక్కపెట్టాడు. రక్తనాళంలో పుట్టిన గ్రంథి పెద్దదై, కదలకుండా, మర్మస్థానంలో వుంటే వైద్యుడు ముట్టుకోవద్దన్నాడు. ఆనాటికి అది మంచి సలహా. 1798లో లండన్‌లో ఆవు కుమ్మి మెడ చీరుకుపోయిన ఒకతనికి అబర్నెతీ అనే సర్జన్ కెరోటిడ్ ధమనిని కట్టి రక్తం ఆపాడు. రక్తం ఆగింది గాని పక్షవాతం వచ్చి అతడు చనిపోయాడు. మన రైతు సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆ ఆవు జ్ఞాపకం వస్తుంది.

1805లో లండన్‌లోనే ఏస్ట్లీ కూపర్ మెడ ఎన్యూరిజమ్‌కు మొదటిసారి ధమనిని దారంతో కట్టాడు. ఆ రోగి బతకలేదు. 1808లో రెండో మనిషికి చేశాడు. అతడు కోలుకుని 1821 వరకు బతికాడు. అప్పటికి మత్తుమందు లేదు, క్రిములంటే ఏమిటో తెలియదు. అయినా బతికాడంటే కారణం మెదడు అడుగున వున్న ధమనుల వలయం. థామస్ విల్లిస్ 1664లో దాన్ని వర్ణించాడు. ఒక కాలువకు గండి పడితే రెండో కాలువ నీళ్ళు ఆ మడులకు అందినట్టు, ఒకవైపు ధమని మూసుకున్నా రెండోవైపు రక్తం ఈ వలయం ద్వారా అందుతుంది. చిక్కేమిటంటే ఈ వలయం చాలామందిలో పరిపూర్ణంగా వుండదు. అందువల్ల ధమనిని ఊరికే కట్టేసిన రోజుల్లో యించుమించు నలుగురిలో ఒకరికి పక్షవాతం వచ్చేది. మీ పెద్దలు విన్న కథలు ఆ కాలపువి.

1953లో అమెరికాలో డిబేకీ, 1954లో లండన్‌లో ఈస్ట్‌కాట్ పూడుకుపోయిన మెడ ధమనిని బాగుచేసి మళ్ళీ రక్తం పారించారు. ఎన్యూరిజమ్ ఆపరేషన్ కూడా ఆ దారినే నడిచింది. ధమనిని మూసెయ్యడం కాదు, కొత్త దారి వెయ్యడం.

ఎలా చేస్తారంటే, చెవి కింద నుంచి మెడ ముందు భాగానికి, పక్క కండ అంచు వెంబడి కోత పెడతారు. ఉబ్బుకు పైనా కిందా మంచి ధమనిని వెతికి పట్టుకుంటారు. ఇక్కడే సర్జన్ ఓపిక తెలిసేది. నాలుకను కదిలించే నరం, గొంతుకు పోయే నరం ఆ ధమనికి ఆనుకునే వుంటాయి. ఉబ్బు వాటిని పక్కకు నెట్టి, అతుక్కుని వుంటుంది. తరువాత రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ యిచ్చి ధమనికి క్లాంపులు వేస్తారు. ఆ కాసేపు మెదడుకు రక్తం ఎలా? రెండోవైపు నుంచి చాలినంత వస్తోందో లేదో కొలిచి చూస్తారు. చాలకపోతే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఒక కొస కిందా ఒక కొస పైనా దూర్చి, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ దాని ద్వారా రక్తం పారిస్తారు. చెడిన ముక్క కోసి తీసేశాక, ధమని పొడుగ్గా వంకర తిరిగి వుంటే రెండు కొసలూ దగ్గరకు లాగి కుట్టేయవచ్చు. లేకపోతే తొడలోంచి సిర ముక్క తీసి మధ్యలో అతుకుతారు. కుట్టే దారం వెంట్రుక మందం వుంటుంది. చీముపట్టిన ఉబ్బు అయితే కృత్రిమ గొట్టాలు పనికిరావు, మనిషి సొంత సిరే మేలు. ఉబ్బు పుర్రె అడుగుదాకా పాకి కత్తికి అందనప్పుడు, రోగి గుండె ఆపరేషన్‌ను తట్టుకోలేనప్పుడు తొడ దగ్గర నుంచి సన్నని తీగ ద్వారా గుడ్డ తొడిగిన స్టెంటు పంపి లోపలి నుంచే ఉబ్బును మూసే పద్ధతి కూడా యిప్పుడు వుంది. ఏది ఎవరికన్నది సి.టి. బొమ్మ చూసి సర్జన్ చెప్పాలి. కోత లేదు కనుక అదే మంచిదని మనం పట్టుబట్టకూడదు.

ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. పక్షవాతం రావచ్చు. అనుభవమున్న చేతుల్లో అది నూటికి కొద్దిమందికే. ఏ ఆస్పత్రిలో ఎంతమందికన్నది ఆ సర్జన్‌నే అడగండి, అడిగితే కోపగించుకునే సర్జన్ నాకు తెలిసి తక్కువ. రక్తపోటు పైకీ కిందికీ పోవచ్చు, అందుకే మొదటి రోజు ప్రత్యేక వార్డులో వుంచుతారు. మెడ ఒక్కసారిగా వాచి ఊపిరి కష్టమైతే లోపల రక్తం కారుతోందన్నమాట, వెంటనే నర్సును పిలవాలి. గొంతు బొంగురుపోవడం, మింగితే పొలమారడం, నాలుక ఒక పక్కకు వంగడం కొందరిలో చూస్తాం. నరాలు సాగడంవల్ల వచ్చే ఈ బాధలు ఎక్కువమందికి నెలల్లో తగ్గుతాయి.

మా రైతుకు విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు, తొడ సిర వేశారు. పదిహేను రోజుల తరువాత నా దగ్గరకు వచ్చాడు. మనిషి బాగున్నాడు, గొంతు మాత్రం గాలి పోయిన బూరలా వుంది. "నా గొంతు ఎద్దులు పోల్చుకోనేకపోతన్నాయి బాబూ" అన్నాడు. మూడు నెలలకు గొంతు వచ్చింది. కుమ్మిన ఎద్దును అమ్మావా అని అడిగితే, అరకకు అదే మంచిదన్నాడు.

సోదరీ! ఆపరేషన్ తేదీ ఖాయమయ్యే లోపల చెయ్యవలసినవి వున్నాయి. చుట్ట ఈ రోజే ఆపించండి. ఊపిరితిత్తులు కొంత తేరుకుంటే మత్తుమందు డాక్టరు పని తేలికవుతుంది. ఆవిడ వినకపోతే కోడలు మాటగా కాక డాక్టరు మాటగా చెప్పండి. రక్తపోటు మందు, ఆస్పిరిన్ ఆ డాక్టరు రాసినట్టే వెయ్యండి. ఆపరేషన్ అని మీ అంతట మీరు ఆస్పిరిన్ మానిపించవద్దు. మెడకు నూనె మర్దన, పసరు కట్టు, వాతలు ఏవీ వద్దు. డబ్బు విషయంలో, ఆరోగ్యశ్రీ పేరుతో 2007లో మన శ్రీకాకుళంతో పాటు మూడు జిల్లాల్లో మొదలైన పథకమే యిప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తోంది. ఆస్పత్రిలో ఈ పథకం సహాయకులు వుంటారు. డాక్టరు రాసిన చీటీ, కార్డు చూపించి ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో చేరకముందే అడగండి. వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల సర్జన్ వున్న చోటే చేయించండి.

ఈ లోగా మళ్ళీ మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా పది నిమిషాలు చూద్దామని కూర్చోవద్దు. టైము కాగితం మీద రాసుకుని 108కి ఫోన్ చెయ్యండి. పక్షవాతంలో గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపలే యివ్వాలి. మీ ఊరి నుంచి విశాఖపట్నం రెండు మూడు గంటల దారి, అందుకని గుక్కెడు కాఫీ తాగించి బయలుదేరదామన్నా ఆలస్యమే. అసలు ఆ స్థితిలో నోట్లో ఏమీ పొయ్యకూడదు, పొలమారుతుంది. స్కానింగు రిపోర్టులు, వాడుతున్న మందులు ఒక సంచిలో పెట్టి గుమ్మం పక్కన తగిలించి వుంచండి. ఆపరేషన్ అయిన తరువాత నెలకోసారీ, ఆరు నెలలకోసారీ డాప్లర్ స్కానింగు ఎప్పుడు చెయ్యాలో డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. కుడివైపు ధమనిని కూడా అప్పుడే చూడమని అడగండి.